ఎండ దెబ్బకు ఎండే మందు



ఎనిమిదో తరగతిలో ఒకరోజు సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. ఎండకు క్రిములు చస్తాయని, అందుకే మన ఇళ్లలో పరుపులు, ఊరగాయ జాడీలు, చంటిపిల్లల గుడ్డలు ఎండలో పెడతారని చెప్పాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి చెరువు మీద, ఆకుల మీద ఉండేవి రోజంతా ఎండలోనే ఉంటాయి గదా సార్, అవెందుకు చావవు?" అంది. జవాబు తోచలేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి రెండు వారాలు పట్టింది. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి. అయితే వెతుకుతూ పోతే జవాబు వెనకాల పెద్ద వంశ చరిత్రే దొరికింది. ఈ పూట ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ఎండ సూక్ష్మజీవులను చంపుతుందని శాస్త్రీయంగా చూపింది 1877లో, ఇంగ్లండులో, డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు. తరవాత యాభై ఏళ్లకు, అమెరికాలో ఫ్రెడరిక్ గేట్స్ ఏ కిరణాలు ఎంత బాగా చంపుతాయో కొలిచాడు. అతినీలలోహిత కిరణాల్లో 260 నానోమీటర్ల దగ్గర ఉన్నవి అందరికన్నా ఘాటైనవి. కేంద్రకామ్లాలు, అంటే డీఎన్ఏ జాతి పదార్థాలు, ఎక్కువగా పీల్చుకునే కిరణాలు కూడా సరిగ్గా అవే. ఎండ దెబ్బ తగిలే చోటు జన్యువే అనడానికి అది మొదటి గట్టి ఆనవాలు. కాని ఆ రోజుల్లో జన్యువులు మాంసకృత్తులతో చేసినవని చాలామంది నమ్మేవారు. అందుచేత ఆ మాటను ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఇక అసలు ఘట్టం 1949. అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట ఆల్బర్ట్ కెల్నర్ అనే శాస్త్రజ్ఞుడు స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ అనే బాక్టీరియా మీద పనిచేస్తున్నాడు. పేరు కొత్తగా ఉన్నా దీన్ని మనం ఎరుగుదుం. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ దీనినుంచే, 1943లో తీశారు. తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసన కూడా ఈ జాతి బాక్టీరియా చలవే. కెల్నర్ వీటి బీజాలను అతినీలలోహిత దీపం కింద పెట్టి, ఎన్ని బతికాయో లెక్కపెట్టేవాడు. లెక్క ఏనాడూ కుదిరేది కాదు. ఒకే దీపం, ఒకే వ్యవధి; ఒక సీసాలో అన్నీ చచ్చేవి, ఇంకో సీసాలో వేలకు వేలు బతికేవి. వేడి తేడా వల్లనేమో అనుకొని నీళ్లతొట్టిలో పెట్టి ఒకే ఉష్ణోగ్రత ఉంచాడు. అయినా అంతే. ఆ తొట్టి గాజుది, కిటికీకి ఎదురుగా బల్ల మీద ఉంది. కిటికీ వెలుతురు ఒక సీసాకు ఎక్కువ, ఒకదానికి తక్కువ తగులుతోంది. చివరకు అనుమానం అక్కడికి వచ్చింది. కావాలని మామూలు వెలుతురు చూపించి చూస్తే, చీకట్లో ఉంచినవాటి కంటే బతికినవి లక్ష రెట్లకు పైనే.

మరొకరెవరైనా అయితే ఆ సీసాలు పారబోసి, ప్రయోగం పాడైందని పుస్తకంలో రాసుకొని ఊరుకునేవారేమో. నిజానికి అంతకు ముందు 1933లోనే జర్మనీలో అరటి తొక్కల మీద ఇలాంటి విడ్డూరం కనబడింది. అతినీలలోహిత కిరణాలకు నల్లబడవలసిన తొక్క, వెంటనే మామూలు వెలుగులో పెడితే అంతగా నల్లబడలేదు. అది ఆ పత్రికలోనే ఉండిపోయింది.

అదే 1949లో ఇండియానా విశ్వవిద్యాలయంలో, ఇటలీ నుంచి వచ్చిన రెనాటో డుల్బెకో కూడా దీన్నే పట్టుకున్నాడు. ఆయనది వైరస్‌ల పని, బాక్టీరియాను తినే వైరస్‌లు. ట్యూబ్‌లైటు కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్లేల్లో, వెలుతురు పడిన పై పళ్లేల్లో ఎక్కువ వైరస్‌లు బతికి ఉన్నాయి. ఇక్కడ ఆయన చూసిన ఇంకో సంగతి ముఖ్యం. వైరస్ ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత వెలుతురు చూపినా లాభం లేదు. బాక్టీరియాను పట్టుకున్నాక చూపితేనే బతుకుతుంది. అంటే వైద్యుడు వైరస్‌లో లేడు, బాక్టీరియాలో ఉన్నాడు.

ఆ వైద్యుణ్ణి గాజుగొట్టంలోకి తెచ్చినవాడు క్లాడ్ రూపర్ట్. 1958లో ఆయన, ఆయన సహచరులు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా డీఎన్ఏను కిరణాలతో పాడుచేసి, దానిలో ఈ.కోలై బాక్టీరియా రసం కలిపి, వెలుతురు చూపారు. డీఎన్ఏ బాగుపడింది. చీకట్లో బాగుపడలేదు. రసాన్ని వేడిచేస్తే అసలే పనిచేయలేదు. కాబట్టి అది ఎంజైమ్. డీఎన్ఏను మరమ్మతు చేసే ఎంజైమ్ ఒకటుందని లోకానికి తెలిసింది దీనితోనే. దానికి ఫోటోలయేజ్ అని పేరు. తమాషా ఏమిటంటే, డీఎన్ఏ ఇచ్చిన హీమోఫిలస్‌కు సొంతంగా ఈ ఎంజైమ్ లేదు. పొరుగింటి వైద్యుడు వచ్చి ఈ ఇంటి రోగం కుదిర్చాడన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇంతకీ గాయం ఏమిటి? డీఎన్ఏ నాలుగు రకాల పూసలతో గుచ్చిన దండ వంటిది. వాటిలో థైమీన్ అనే పూసలు రెండు పక్కపక్కన ఉన్నచోట అతినీలలోహిత కిరణం తగిలితే, రెండూ కరిగి అతుక్కున్నట్టు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అక్కడ దండను చదవడం కుదరదు, నకలు తీయడం కుదరదు. 1960లో హాలండులో ఇద్దరు ఈ జంటను కనిపెట్టారు. ఇదిగాక ఇంకో రకం వంకర ముడి కూడా ఉంది. దాన్ని ఆరు-నాలుగు ముడి అంటారు. ఫోటోలయేజ్ వచ్చి ముడిని పట్టుకుంటుంది. పట్టుకోవడానికి వెలుతురు అక్కరలేదు, విప్పడానికి మాత్రం కావాలి. దాని గుండెలో ఫ్లేవిన్ అనే పదార్థం, అంటే మనం రైబోఫ్లేవిన్, బి2 విటమిన్ అంటామే, ఆ కుటుంబానికి చెందినదే కూర్చుని ఉంటుంది. నీలి వెలుగు తగలగానే అది ఒక ఎలక్ట్రాన్‌ను ముడి మీదికి విసురుతుంది. ముడి విడిపోతుంది. ఎలక్ట్రాన్ తిరిగి ఇంటికి వస్తుంది. ఖర్చేమీ లేదు. ముల్లును ముల్లుతోనే తీయాలని మన పెద్దలన్నట్టు, ఎండ చేసిన గాయానికి ఎండే కట్టు కడుతుంది. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే. చెరువు మీది జీవులను ఎండ కొడుతూనే ఉంటుంది, అవి ఆ ఎండతోనే బాగుచేసుకుంటూ ఉంటాయి.

ఎంజైమ్‌లో ఫ్లేవిన్ కాక రెండో పదార్థం ఒకటి ఉంటుంది. ఇది వెలుతురును పట్టి లోపలికి అందిస్తుంది. మీ ఇంటి రేడియోకు ఏరియల్ ఎలాగో దీనికి అది అలాగ. ఏరియల్ లేకపోయినా స్టేషను పలుకుతుంది గాని, సన్నగా.

ఈ.కోలై కణంలో ఫోటోలయేజ్ అణువులు మహా ఉంటే పది, ఇరవై. అంత కొంచెం సరుకుతో ఏం పరిశోధన జరుగుతుంది? ఈ చిక్కు విప్పినవాడు టర్కీ దేశస్థుడు అజీజ్ సంజార్. సవూర్ అనే చిన్న ఊళ్లో పుట్టి, ఇస్తాంబుల్‌లో వైద్యం చదివి, సొంత ఊరి దగ్గర డాక్టరుగా పనిచేసి, ఆ తరవాత టెక్సాస్‌లో రూపర్ట్ దగ్గర శిష్యుడుగా చేరాడు. 1976లో ఈ ఎంజైమ్ జన్యువును విడదీసి, ప్రతులు పెంచే మార్గం సాధించాడు. మధ్యలో కొన్నేళ్లు ఫోటోలయేజ్‌ను పక్కన పెట్టి, చీకట్లో జరిగే మరమ్మతు మీద పనిచేయవలసి వచ్చింది. మళ్లీ ఉత్తర కరోలినాలో దాని దగ్గరికే వచ్చాడు. శుద్ధిచేసి చూస్తే ద్రావణం నీలి రంగు. 2015లో ఆయనకు, లిండాల్, మాడ్రిచ్ అనే మరిద్దరితో కలిపి, రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

జన్యువు చేతికి వచ్చాక దాని అక్షరాలు చదవడం మొదలైంది. 1984లో ఈ.కోలైది, ఆ మరుసటి ఏడు ఈస్టుది చదివారు. అక్షరాలు చదివితే చుట్టరికం ఎలా తెలుస్తుంది? ఈ మాట సరిహద్దు జిల్లాల వాళ్లకు చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేను. మనం పాలు అంటాం, పొరుగున కన్నడంవారు హాలు అంటారు. మన పులి వాళ్లకు హులి, మన పువ్వు వాళ్లకు హూవు. తమిళంవారికి పాల్, పులి, పూ. మాట మొదట్లో పకారం ఉన్నచోటల్లా కన్నడంలో వరసగా హకారం వస్తోందంటే అది కాకతాళీయం కాదు. ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు. ఇలాంటి మాటలనే పోల్చి 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబమని చూపాడు. మరి బస్సు? అది మూడు భాషల్లోనూ బస్సే. అది చుట్టరికం కాదు, అప్పు. ఎంజైముల వంశం చదివేవారికీ ఈ రెండు జాగ్రత్తలే కావాలి. వారసత్వమేదో, అప్పు ఏదో తేల్చుకోవాలి. బాక్టీరియా అప్పులకు పెట్టింది పేరు. జన్యువులను ఒకదానికొకటి చేబదులు ఇచ్చుకుంటూ ఉంటాయి.

మొదట్లో శాస్త్రజ్ఞులు కూడా పొరబడ్డారు. ఫోటోలయేజ్‌లను ఏరియల్‌ను బట్టి రెండు వర్గాలు చేశారు. ఈ.కోలై, ఈస్టు ఎంజైములకు ఫోలేట్ జాతి ఏరియల్. కెల్నర్ వాడిన స్ట్రెప్టోమైసిస్‌కు, అనాసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచుకు డీయాజాఫ్లేవిన్ అనే ఇంకో జాతి ఏరియల్. చూడ్డానికి బాగానే ఉంది. కాని అక్షరాలు పోల్చి చూస్తే ఈ నాలుగూ ఒకే కొమ్మ రెమ్మలు. చొక్కా రంగు చూసి ఇంటిపేరు చెప్పినట్టయింది. ఏరియల్ అనేది ఆ ఇంట్లో ఏ సరుకు దొరికితే దానితో కట్టుకున్నది. నాచు ఎంజైమ్‌ను ఈ.కోలైలో తయారుచేయిస్తే దానికి ఏరియలే ఉండదు. ఆ పదార్థం చేయడం ఈ.కోలైకి చేతకాదు మరి. ఎంజైముల్లో ఎక్కువగా పోలికలున్నది చివరి సగంలో, ఫ్లేవిన్ కూర్చునే చోట. అక్కడ మార్పు వస్తే పని చెడుతుంది. అందుకే కోట్ల ఏళ్లయినా ఆ అక్షరాలు అంతగా చెదరలేదు.

1994లో జపాన్‌కు చెందిన యసుయి, ఆయన సహచరులు ప్రకటించిన సంగతి వింటే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. బంగారు చేప, పండ్ల మీద వాలే ఈగ, సంచిలో పిల్లను మోసే కంగారూ జాతి చిన్న జంతువు, వీటి ఫోటోలయేజ్‌లు ఒక జట్టుగా ఉన్నాయి. ఈ.కోలై జట్టుతో వాటి పోలిక చాలా తక్కువ. సరే, పెద్ద జంతువులది ఒక జట్టు, సూక్ష్మజీవులది ఒక జట్టు అనుకుందామా? కుదరదు. మిక్సోకాకస్ అనే మట్టిలోని బాక్టీరియా, మీథేన్ వాయువు చేసే ఒక ఆదిమ సూక్ష్మజీవి, ఇవి రెండూ చేపల జట్టులోనే ఉన్నాయి. అంటే ఈ ఎంజైమ్ మట్టుకు మిక్సోకాకస్‌కు సాటి బాక్టీరియా అయిన ఈ.కోలై దూరపు చుట్టం, బంగారు చేప దగ్గరి చుట్టం. జీవుల వంశవృక్షం ఒకటి, వాటి లోపలి ఎంజైముల వంశవృక్షం ఇంకొకటి. రెండూ ఒకటే అని ఎవరూ మాట ఇవ్వలేదు. తెలుగువాళ్ల ఇంట్లో పుట్టి తమిళంలో మాత్రమే చదవనూ రాయనూ వచ్చినవాళ్లు మన వైపు ఎంతమంది లేరు? మనిషి వంశం, అతని అక్షరాల వంశం వేరువేరుగా నడవగలవు.

ఇదెలా జరిగింది? 1997లో జపాన్ శాస్త్రజ్ఞులే ఒక వంశవృక్షం గీశారు. దాని ప్రకారం ఆదిలో థైమీన్ జంటను విప్పే ఫోటోలయేజ్ ఒక్కటే ఉంది. ప్రాణికోటి పెద్ద శాఖలుగా చీలకముందే ఆ జన్యువుకు కొన్నిసార్లు నకళ్లు ఏర్పడ్డాయి. తరవాత ఒక్కొక్కరు ఒక్కొక్క నకలు ఉంచుకొని మిగతావి వదులుకున్నారు. ఈ మాటకు బలమిచ్చే సంగతి భూమి చరిత్రలో ఉంది. గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలై దాదాపు 240 కోట్ల ఏళ్లు. అంతకుముందు ఆక్సిజన్ లేదు గనుక ఓజోన్ పొరా లేదు. 260 నానోమీటర్ల కిరణాలు తిన్నగా నేలకు దిగేవి. ఇప్పుడు మనకు తగిలేది ఆ ఘాటులో శేషం మాత్రమే. ఆ కాలంలో నీటి పైభాగాన బతకాలంటే ఇలాంటి మరమ్మతు లేనిదే సాగదు.

ఈలోగా కథ ఇంకో మలుపు తిరిగింది. 1993లో అహ్మద్, క్యాష్‌మోర్ అనే ఇద్దరు ఒక ఆవజాతి మొక్కలో నీలి వెలుగును గుర్తించే పదార్థాన్ని వెతికి పట్టుకున్నారు. మొక్క మొలిచాక కాండం ఎంత సాగాలో వెలుగును బట్టి తేల్చేది అది. అక్షరాలు చదివితే అచ్చంగా ఫోటోలయేజ్ చుట్టం. కాని డీఎన్ఏను బాగుచేయదు. దాన్ని క్రిప్టోక్రోమ్ అన్నారు. అదే ఏడు పండ్ల ఈగలో ఆరు-నాలుగు ముడిని విప్పే ఫోటోలయేజ్ దొరికింది. 1996లో మనుషుల్లోనూ ఈ కుటుంబం జన్యువులు రెండు కనబడ్డాయి. సంబరపడి పరీక్షిస్తే, ఏ ముడినీ విప్పవని తేలింది. మరేం చేస్తాయి? ఒంట్లోని పగలు-రాత్రి గడియారాన్ని నడుపుతాయి. 1999లో ఆ రెండు జన్యువులూ లేకుండా పుట్టించిన ఎలుకలను పూర్తి చీకట్లో ఉంచితే, నిద్రకు, మెలకువకు వేళాపాళా లేకుండా పోయింది. ఒకప్పటి మంత్రసాని మనవరాలు ఇప్పుడు గంట కొట్టే ఉద్యోగంలో ఉంది. రక్తం అదే, పని వేరు.

దీన్ని చూసి పండితులు మరోసారి తడబడ్డారు. సైనెకోసిస్టిస్ అనే నాచు బాక్టీరియా జన్యుపటం 1996లో పూర్తయింది. దానిలో ఈ కుటుంబం జన్యువులు రెండు. ఒకటి మామూలు ఫోటోలయేజ్. రెండోది జంట పేటల డీఎన్ఏను బాగుచేయలేదు, కాబట్టి క్రిప్టోక్రోమ్ అన్నారు. బాక్టీరియాలో క్రిప్టోక్రోమ్ అంటే పెద్ద వార్తే. 2003లో ఆ శాఖకు డాష్ అని పేరు పెట్టారు. 2006లో సెల్బీ, సంజార్ ఒంటి పేట డీఎన్ఏ ఇచ్చి చూశారు. చక్కగా బాగుచేసింది! అది క్రిప్టోక్రోమ్ కాదు, ఒంటి పేటను మాత్రమే బాగుచేసే ఫోటోలయేజ్. అయినా పాత పేరు పోలేదు. ఇప్పటికీ పుస్తకాల్లో క్రిప్టోక్రోమ్ డాష్ అనే రాస్తున్నారు. ఇంటిపేరు చూసి వృత్తి చెప్పకూడదని మనకు తెలియంది కాదు.

ఆరు-నాలుగు ముడిని విప్పే విద్య ఈగలు, కప్పలు, మొక్కలవంటి వాటికే ఉందని చాలాకాలం అనుకున్నారు. 2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు అగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియాలో, మొక్కల కాండానికి కణితులు తెప్పిస్తుందే, దానిలో ఆ విద్య చూపించారు. ఈ ఎంజైమ్‌కు ఇనుము, గంధకం కలిసిన చిన్న గుత్తి ఒకటి ఉంది, ఏరియల్ కూడా కొత్త రకం. ఈ శాఖే అన్నిటికన్నా పాతది కావచ్చునని ఒక వాదం ఉంది. ఆదిమ సముద్రాల నీటిలో ఇనుము విస్తారంగా కరిగి ఉండేది గనుక ఆ మాట నాకు నమ్మబుద్ధి వేస్తుంది. 1997 నాటి వృక్షంతో అది పొసగదు. తగవు తేలలేదు. విశేషమేమిటంటే అదే అగ్రోబాక్టీరియంలో ఇంకో కొమ్మకు చెందిన ఫోటోలయేజ్ కూడా ఉంది, అది థైమీన్ జంటల పని చూసుకుంటుంది. ఒకే కప్పు కింద రెండు దూరపు దాయాది కుటుంబాలు.

అప్పుల సంగతి చెప్పానుగా. కోళ్లకు వచ్చే మశూచి వైరస్‌లో చేపల జట్టుకు చెందిన ఫోటోలయేజ్ ఉందని 2001లో తేలింది. ఎండలో రాలిపడిన పొక్కు పెచ్చుల్లో వైరస్ నిలిచి ఉండడానికి అది అక్కరకొస్తుంది. ఈ జన్యువు ఎప్పుడో ఏదో జంతువు నుంచి కాజేసినదై ఉంటుంది. డుల్బెకో చూసిన వైరస్‌కు బాక్టీరియా ఇంట్లో దూరితే గాని వైద్యం లేదు. ఇది వైద్యుణ్ణే వెంట తెచ్చుకుంది.

అప్పు చేసినవారున్నట్టే ఆస్తి పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఇందాక చెప్పిన హీమోఫిలస్ మనుషుల గొంతులో, ముక్కులో బతుకుతుంది. అక్కడ ఎండ లేదు, పోయినా బాధ లేదు. బాసిల్లస్ సబ్టిలిస్ మట్టిలోనే ఉన్నా ఫోటోలయేజ్ లేదు. దాని బీజాల గాయాన్ని మాన్పడానికి వెలుతురు అక్కరలేని వేరే ఎంజైమ్ ఉంది. ఇక మూడో పేరు మనదే. కంగారూలకు, ఒపోసమ్‌లకు ఉన్న ఈ ఎంజైమ్ మాయతో పిల్లల్ని కనే జంతువులకు లేదు. ఆవుకు లేదు, ఎలుకకు లేదు, మనిషికి లేదు. మన పూర్వీకులు రాత్రిపూట తిరిగే చిన్న ప్రాణులు గనుక పోయిందని కొందరు చెబుతారు. ఒపోసమ్ ఇప్పటికీ రాత్రే తిరుగుతుంది, దాని దగ్గర మాత్రం పదిలంగా ఉంది. కాబట్టి ఆ జవాబు నాకు తృప్తి కలిగించలేదు.

పొలంలో వంగి కలుపు తీసేవాళ్లకు, రోడ్డు పనివాళ్లకు, అందరికీ మిగిలింది చీకటి మరమ్మతు ఒక్కటే. పాడైన ముక్కను కత్తిరించి కొత్తది వేసే పద్ధతి అది. నిదానమైనది. ఆ ఒక్కటీ పుట్టుకతో చెడిపోయిన పిల్లలున్నారు. వాళ్లకు చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. పగటి వెలుగే పడదు. 2005లో ఫోటోలయేజ్ జన్యువు చేర్చి పెంచిన ఎలుకల్లో కిరణాల వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు బాగా తగ్గాయి. ఆ జన్యువు కంగారూ జాతి చిన్న జంతువు ఒకదానిది.

రెండు వారాల తరవాత క్లాసులో ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, "అయితే చెరువు నాచుకు ఉన్నది మనకు లేదన్నమాట, సార్. అడిగితే ఇస్తుందా?" అంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే 2000లో జర్మనీలో ఆ పని చేసి చూశారు. ఇందాక చెప్పిన అనాసిస్టిస్ నాచు ఎంజైమ్‌ను కొవ్వు బుడగల్లో పెట్టి, కిరణాలు తగిలిన మనుషుల చర్మం మీద రాసి, వెలుతురు చూపారు. థైమీన్ జంటలు నూటికి నలభై పైచిలుకు విడిపోయాయి.